సబ్బు ఎంచుకోవడంలో అపోహలు - వాస్తవాలు

చలికాలం మొదలైందంటే మా క్లినిక్‌లో రోజూ వినిపించే మాట ఒకటుంది: "ఒళ్లంతా దురద డాక్టర్ గారూ, సబ్బు మార్చినా తగ్గట్లేదు." మొన్న మలక్‌పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. పిక్కల మీద చర్మం ఎండిన చెరువు మట్టిలా సన్నగా నెర్రెలిచ్చింది. గోరుతో మెల్లగా గీస్తే సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత పడింది. దురద క్రిముల వల్లే అనుకుని, ఘాటు వాసన వచ్చే మందు సబ్బుతో రోజుకు రెండుసార్లు, బాగా వేడి నీళ్లతో, పీచు పెట్టి రుద్దుకుంటున్నారు. ఇన్ఫెక్షన్ ఏదీ లేదు. చర్మం మీద ఉండాల్సిన నూనె పొరను ఆ స్నానమే కడిగేస్తోంది.

అపోహ: క్రిములను చంపే సబ్బే మంచిది.

రోజువారీ స్నానానికి, చేతులు కడుక్కోవడానికి మామూలు సబ్బు చాలు. జిడ్డుతో పాటు క్రిములను కూడా ఊడదీసి నీళ్లతో పంపించేస్తుంది. 2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో సహా 19 క్రిమినాశక రసాయనాలు ఇళ్లలో వాడే యాంటీబాక్టీరియల్ సబ్బుల్లో ఉండకూడదని తేల్చింది. అవి మామూలు సబ్బు కన్నా మెరుగని గానీ, ఏళ్ల తరబడి రోజూ వాడినా ప్రమాదం లేదని గానీ కంపెనీలు నిరూపించలేకపోయాయి. ఫంగస్ వల్ల తామర (రింగ్‌వర్మ్) వచ్చినప్పుడు కూడా మందు సబ్బు ఒక్కదాంతో తగ్గదు. డాక్టర్ రాసిన మందు చెప్పినన్ని రోజులూ వాడాలి.

అపోహ: టీఎఫ్‌ఎం ఎంత ఎక్కువుంటే చర్మానికి అంత మంచిది.

ఇది చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. టీఎఫ్‌ఎం అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె. మన దేశంలో వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం టాయిలెట్ సబ్బు గ్రేడ్ 1 అనిపించుకోవాలంటే కనీసం 76, గ్రేడ్ 2 కి 70, గ్రేడ్ 3 కి 60 శాతం ఉండాలి. రేపర్ వెనక చిన్న అక్షరాల్లో 'బేతింగ్ బార్' అని ఉంటే 40 శాతం ఉన్నా సరిపోతుంది. మీరిచ్చిన డబ్బుకు అసలు సబ్బు ఎంత వస్తోందో తెలుసుకోవడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది. చర్మానికి ఎంత సున్నితమో మాత్రం చెప్పదు.

ఎందుకంటే ఆరోగ్యమైన చర్మం కొంచెం పుల్లని గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఏడు కన్నా తక్కువుంటే పులుపు, ఎక్కువుంటే క్షారం అని చెప్పే అంకె) దాదాపు 5. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసే ఏ సబ్బుకైనా పీహెచ్ 9-10 దాకా ఉంటుంది. గ్రేడ్ 1 అయినా, ఎగ్జిబిషన్‌లో కొన్న కొబ్బరినూనె చేతి సబ్బు అయినా అంతే. బాగున్న చర్మం కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఎగ్జిమా ఉన్న పిల్లలకు, అరవై దాటినవాళ్లకు అంత తేలిగ్గా సర్దుకోదు. వాళ్లకు మేం సిండెట్ బార్ రాస్తాం. చూడటానికి సబ్బులాగే ఉన్నా అది సబ్బు కాదు, కృత్రిమ డిటర్జెంట్లతో చేసే బిళ్ల, పీహెచ్ 5.5 నుంచి 7 మధ్య ఉంటుంది. టీఎఫ్‌ఎం తక్కువుందని, అసలు రాయలేదని దాన్ని షాపులోనే వదిలేసి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. దయచేసి అలా చేయకండి.

మన హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉప్పు నీళ్లు. మంజీరా నీళ్లు చాలక బోరు మీదో, వేసవిలో ట్యాంకర్ మీదో బతికే అపార్ట్‌మెంట్లలో కుళాయి మూతికి తెల్లగా పేరుకుపోతుంది చూడండి, అది ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పనే. అవి సబ్బుతో కలిసి తెట్టులా మారి బకెట్‌కు పట్టినట్టే ఒంటికీ పడుతుంది. నురగ రావట్లేదని ఇంకా సబ్బు రుద్దుతాం, తెట్టు ఇంకా పెరుగుతుంది. సిండెట్‌తో ఈ బాధ ఉండదు.

అపోహ: సున్నిపిండి సహజం కాబట్టి ఎవరికైనా పెట్టొచ్చు.

పండగ రోజు నూనె రాసుకుని నలుగు పెట్టుకుంటే పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. నా బెంగంతా పసిపిల్లల గురించే. ఒంటి మీది నూగు పోవాలని శనగపిండి ముద్దతో రుద్ది రుద్ది, ఎర్రగా కందిపోయిన బిడ్డను తీసుకొస్తారు. ఆ నూగు దానంతటదే రాలిపోతుంది అమ్మా, రుద్దకండి.

అపోహ: పీచుతో రుద్దితేనే మురికి పోతుంది.

భుజాలు, కాలర్ ఎముకలు, మోకాలి కింద ఎముక తగిలే చోట గోధుమ రంగు నలుపు కనిపిస్తే నేను ముందు అడిగేది పీచు గురించే. ఏళ్ల తరబడి రాపిడికి చర్మంలోపల రంగు దిగిపోతుంది. దాన్ని మురికి అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. అరచేత్తో రుద్దుకుంటే చాలు.

తెల్లగా చేసే సబ్బుల గురించి ఒక్క మాట: ఒంటి మీద నిమిషం ఉండి నీళ్లతో పోయే వస్తువు చర్మం రంగును మార్చలేదు.

సిండెట్ ధర ఎక్కువ, ఇంటిల్లిపాదికీ కొనలేమంటారు. నిజమే. మలక్‌పేట పెద్దావిడకు నేను చీటీలో కొత్త సబ్బేమీ రాయలేదు. ఇంట్లో ఉన్న మామూలు సబ్బునే చంకలు, గజ్జలు, పాదాలకు మాత్రమే వాడమన్నాను. మిగతా ఒంటికి గోరువెచ్చని నీళ్లు చాలు, పీచు వద్దు. తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాసనలేని మాయిశ్చరైజర్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకోవాలి. రెండు వారాలకు వచ్చినప్పుడు ముందుగా ఆవిడే చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, గోరుతో పిక్క మీద గీసి చూపించారు. గీత పడలేదు.