మహిళల బాక్సింగ్: జపాన్ ఛాంపియన్ సేనా ఇరియే కెరీర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

అమ్మాయిని బాక్సింగ్‌లో చేర్పిద్దామా వద్దా అని వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ముక్కు పగిలితే ఎలా? మా పిల్ల మెత్తనిది, దీనికి పనికొస్తుందా? ఇందులో పడితే చదువు అటకెక్కుతుందేమో? మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పేరు చెబితే, "ఆమె సంగతి వేరు లెండి" అనేస్తారు. అందుకే కోచ్‌గా నేను ఈ మధ్య సేనా ఇరియే కథ ఎత్తుకుంటున్నాను. మన దగ్గర ఆమె పేరు విన్నవాళ్లు తక్కువ. ఈ ఆట మీద ఉన్న అపోహలు మాత్రం సగానికి సగం ఆమె ఒక్కదాని కెరీర్ దగ్గరే తేలిపోతాయి.

ఇరియే 2000లో పుట్టింది. ఊరు యొనాగో, జపాన్‌లో పశ్చిమాన టొట్టోరి అనే చిన్న ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉంది. 2021 ఆగస్టు 3న టోక్యో ఒలింపిక్స్‌లో 57 కిలోల ఫెదర్ వెయిట్ ఫైనల్ గెలిచి, బాక్సింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన తొలి జపాన్ మహిళ అయింది. అప్పటికి ఆమెకు ఇంకా 21 నిండలేదు.

అపోహ: పుట్టుకతోనే గట్టి పిండం అయితేనే బాక్సర్ అవుతారు

రెండో తరగతిలో ఉండగా ఇంట్లో అమ్మ పుస్తకాల్లో దొరికిన ఒక బాక్సింగ్ మాంగా (జపాన్ బొమ్మల కథ) చదివి, నేనూ నేర్చుకుంటానని గ్లవ్స్ వేసుకున్న పిల్ల ఇరియే. తనకు ఆటల్లో పెద్ద చురుకు లేదని, పరుగులో వెనకబడేదాన్నని, బడిలో కడ్డీ పట్టుకుని పల్టీ కొట్టడం కూడా వచ్చేది కాదని గెలిచాక తనే చెప్పుకుంది.

మరి ఏముంది ఆమె దగ్గర? లెఫ్ట్ జాబ్ ఉంది, అంటే ముందుంచిన ఎడమ చేత్తో వేసే సూటి పంచ్. టోక్యోలో ఆమె బౌట్లు చూస్తే, ఎడమ చేత్తో దూరాన్ని కొలుస్తూ, ఎదుటి మనిషి అడుగు వేసేలోపే ముఖానికి అడ్డంగా ఒక పంచ్ పెట్టి, వెంటనే కుడి చేత్తో స్ట్రెయిట్ వేస్తుంది. నేర్చుకోవడానికి మొదటి వారంలోనే చెప్పే పంచ్ ఇది. సరిగ్గా రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఎందుకో చెబుతాను. జాబ్ వేసేటప్పుడు ముందు పాదం అర అడుగు జారాలి, ఎగరకూడదు. వెనక కాలి మడమ నేల మీద నుంచి కొద్దిగా లేచి ఉండాలి. పిడికిలి చివరి క్షణంలో తిరగాలి, అప్పటిదాకా బిగించకూడదు. వేసే చేతి భుజం పైకొచ్చి గడ్డాన్ని కప్పాలి. రెండో చెయ్యి చెంప దగ్గరే ఉండాలి. అన్నిటికన్నా కష్టమైనది తర్వాతి పని: చెయ్యి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. కొత్త పిల్లలు పంచ్ తగిలిందో లేదో చూసుకునే ధ్యాసలో చేతిని నడుము దాకా జారవిడుస్తారు. ఆ సందులోంచి ఎదుటివాళ్ల కుడిచెయ్యి వచ్చి దవడ మీద పడుతుంది. నేను కొత్తవాళ్ల పంచ్ బలం చూడను, చెయ్యి ఎక్కడికి తిరిగొచ్చిందో చూస్తాను. అది చూస్తే చాలు, ఎవరికి ఓపిక ఉందో తెలిసిపోతుంది. బలం, వేగం తర్వాత పెంచుకోవచ్చు. వేలసార్లు ఒకే పని చేస్తూ విసుక్కోకపోవడం మాత్రం కోచ్ నేర్పగలిగేది కాదు. "మెత్తని పిల్ల" అని తల్లిదండ్రులు అనుకునేవాళ్లలో అది బోలెడంత ఉంటుంది. దూకుడుగా వచ్చి మొదటి రోజే బ్యాగ్‌ను బాదేసే పిల్లలు చాలామంది రెండో నెలకు కనిపించరు.

అపోహ: ఆడపిల్లలు ముఖాలు పగలగొట్టుకునే ఆట, ఇదేం సరదా?

ఈ మాట మన దగ్గరే అంటారనుకోకండి. ఇరియే స్వర్ణం గెలిచిన కొన్ని రోజులకే జపాన్ టీవీలో ఒక ఆదివారం కార్యక్రమంలో, ఒకప్పటి బేస్‌బాల్ దిగ్గజం ఇలాగే మాట్లాడాడు. పెళ్లి కాని అమ్మాయిలు ముఖాల మీద కొట్టుకోవడమేంటి, ఇది ఇష్టపడేవాళ్లు కూడా ఉంటారా అన్న ధోరణి. అక్కడి బాక్సింగ్ సమాఖ్య నిరసన తెలిపింది, తర్వాత ఆయన క్షమాపణ చెప్పాడు. అంటే ఒలింపిక్ స్వర్ణం మెడలో ఉన్నా ఈ మాట తప్పలేదు. మీ పక్కింటివాళ్లు అన్నారని బాధపడకండి.

ఇక దెబ్బల సంగతి. దీన్ని పంచదార పూసి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. బాక్సింగ్‌లో దెబ్బలు తగులుతాయి. ఒలింపిక్స్ తరహా అమెచ్యూర్ బాక్సింగ్‌లో మహిళలు హెడ్‌గార్డ్ పెట్టుకుంటారు, ఇరియే కూడా టోక్యోలో పెట్టుకునే ఆడింది. అయితే హెడ్‌గార్డ్ ఉంటే మెదడుకు ఏమీ కాదనుకోవడం మరో అపోహ. అది కనుబొమ్మలు చిట్లకుండా, చర్మం చీరకుండా బాగా కాపాడుతుంది. తల ఊగినప్పుడు లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. దాన్ని ఆపేవి రెండే: తల పక్కకు తప్పించే నేర్పు, స్పారింగ్ (ఇద్దరు కలిసి చేసే సాధన పోరు) మీద కోచ్ అదుపు. తలకు దెబ్బ తగిలి బౌట్ ఆగిపోతే, అంతర్జాతీయ అమెచ్యూర్ నిబంధనల ప్రకారం కనీసం 30 రోజులు రింగ్‌లోకి దిగకూడదు, స్పారింగ్ కూడా చేయకూడదు. మీ కోచ్ దీన్ని పాటించకపోతే ఆ శిక్షణ మానేయండి. ఎంత పేరున్న కోచ్ అయినా సరే.

అపోహ: జపాన్ బాక్సింగ్‌లో పెద్ద దేశం, అక్కడి అమ్మాయిలకు అన్నీ అమర్చి పెట్టి ఉంటాయి

మగవాళ్ల సంగతి వేరు. అక్కడ ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను చూసుకునే జపాన్ బాక్సింగ్ కమిషన్ 1952 నుంచి ఉంది, ప్రపంచ ఛాంపియన్లు వరసగా వచ్చారు. అదే కమిషన్ మహిళలకు ప్రొఫెషనల్ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది 2008లో. అంతకుముందు ఆడిన మహిళలు ఆ గుర్తింపు లేకుండానే, కమిషన్ గొడుగు బయటే ఆడారు. ఇరియే చిన్నపిల్లగా గ్లవ్స్ వేసుకున్న రోజుల్లో తలుపు అప్పుడప్పుడే తెరుచుకుంటోంది.

ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ 2012 లండన్‌లో మొదలైంది. జపాన్ మహిళలు అప్పుడూ ఎవరూ వెళ్లలేదు, 2016 రియో ఒలింపిక్స్‌కూ వెళ్లలేదు. టోక్యోలో ఇరియే, 51 కిలోల్లో త్సుకిమి నమికి, ఈ ఇద్దరే ఆ దేశపు తొలి మహిళా ఒలింపిక్ బాక్సర్లు. ఒకరికి స్వర్ణం, ఒకరికి కాంస్యం. పురుషులూ స్త్రీలూ కలిపి జపాన్‌కు ఒలింపిక్ బాక్సింగ్‌లో వచ్చిన స్వర్ణాలు మూడు: 1964లో టకావో సకురాయ్, 2012లో ర్యోటా మురాటా, 2021లో ఇరియే.

టోక్యోలో బాక్సింగ్ పోటీలు జరిగిన చోటు కూడా చెప్పుకోవాలి. అది ర్యొగోకు కొకుగికన్, సుమో కుస్తీలకు పెద్ద గుడి లాంటి హాలు. సుమో బరిని డొహ్యో అంటారు, దాని మీద ఆడవాళ్లు కాలు పెట్టకూడదన్నది అక్కడి ఆచారం. 2018లో మైజురు అనే ఊళ్లో సుమో ప్రదర్శన జరుగుతుంటే, బరి మీద కుప్పకూలిన మేయర్‌కు ప్రథమ చికిత్స చేయడానికి పైకెక్కిన మహిళల్ని దిగిపొమ్మని మైకులో చెప్పారు. తర్వాత సుమో సంఘం క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి ఆట సొంతిల్లు అయిన హాల్లోనే, మూడేళ్ల తర్వాత, రింగ్ మధ్యలో రిఫరీ ఇరియే చెయ్యి పైకెత్తాడు. ఫైనల్ కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

అపోహ: 5-0 అంటే ఏకపక్షం, 3-2 అంటే ఏదో మతలబు

టీవీలో చూసేవాళ్లలో ఇది బాగా ఉంది. బాక్సింగ్‌లో 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ ఆమే గెలిచిందన్నారని, అంతే. ప్రతి జడ్జీ రౌండ్ గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9 ఇస్తాడు. మూడు రౌండ్లలో రెండు ఒకరివి, ఒకటి ఇంకొకరిది అయితే 29-28. ఐదుగురూ 29-28 ఇచ్చినా స్కోరుబోర్డు మీద 5-0 అనే పడుతుంది. చూసేవాళ్లు చిత్తుగా ఓడించిందనుకుంటారు, నిజానికి ఒక్క రౌండ్ తేడా.

ఇరియే ఫైనల్లో 5-0తో ఓడించింది ఫిలిప్పీన్స్‌కు చెందిన నెస్టీ పెటెసియోను, 2019 ప్రపంచ ఛాంపియన్‌ను. అంతకుముందు సెమీఫైనల్లో బ్రిటన్ బాక్సర్ కారిస్ ఆర్టింగ్‌స్టాల్ మీద గెలిచింది 3-2తో. ఒక్క జడ్జీ అటు మొగ్గి ఉంటే మనం ఇవాళ ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. దగ్గరి పోటీలో జడ్జీలు తలోరకంగా చూడటం ఈ ఆటలో సహజం. ఒకరు కచ్చితమైన పంచ్‌ల వైపు మొగ్గుతారు, ఇంకొకరు ముందుకు నొక్కుకుంటూ వెళ్లేవాళ్ల వైపు. అన్ని నిర్ణయాలూ న్యాయమైనవని నేను అనను. 3-2 కనబడగానే దొంగలెక్క అనడం మాత్రం తొందరపాటు.

అపోహ: ఆడవాళ్లకు ఓపిక తక్కువ కాబట్టే రౌండ్లు చిన్నవి

ఏ బాక్సింగ్ గురించి మాట్లాడుతున్నారు? అమెచ్యూర్‌లో ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా మూడు రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు. ఇరియే ఆడింది అదే. ఒకప్పుడు మహిళలకు 2 నిమిషాల రౌండ్లు నాలుగు ఉండేవి, 2017 నుంచి మారింది. ప్రొఫెషనల్‌లో మాత్రం మహిళల ప్రపంచ టైటిల్ బౌట్లు ఇప్పటికీ ఎక్కువగా 2 నిమిషాల రౌండ్లు పది. అంటే ఒలింపిక్స్‌లో 3 నిమిషాలు ఆడిన అమ్మాయి, ప్రొఫెషనల్ అయ్యాక 2 నిమిషాలకు దిగాలి. దీనికి ఓపికతో ఏం సంబంధం ఉందో నాకైతే అర్థం కాదు. పాత అలవాటు, అంతే.

అపోహ: పాతికేళ్లు దాటితే ఇంకేం బాక్సింగ్

దీనికి ఇరియే పనికిరాదు, జపాన్ నుంచే ఇంకో ఇద్దర్ని పిలవాలి.

నవోకో ఫుజియోకా 1975లో మియాగిలో పుట్టింది. ప్రొఫెషనల్‌గా మారేసరికి 34 ఏళ్లు, అది 2009. 2011లో మెక్సికోకు చెందిన అనబెల్ ఓర్టిజ్‌ను ఓడించి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) మినిమమ్ వెయిట్ టైటిల్ గెలిచింది. అక్కడి నుంచి సూపర్ ఫ్లై, బాంటమ్, ఫ్లై వెయిట్లలోనూ గెలిచి, 2017 డిసెంబర్‌లో 42 ఏళ్ల వయసులో లైట్ ఫ్లై టైటిల్ కూడా పట్టేసింది. ఐదు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన తొలి జపాన్ బాక్సర్ ఆమే, మగవాళ్లతో కలిపి లెక్కేసినా. 2022లో అమెరికాలో మార్లెన్ ఎస్పార్జా చేతిలో ఓడినప్పుడు ఆమెకు 46.

ఐదు బరువులంటే ఆకాశమంత తేడా అనుకోకండి. మినిమమ్ 47.6 కిలోలు, బాంటమ్ 53.5. మొత్తం ఆరు కిలోల లోపే. ఆ వరుస కూడా చూడండి, పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగింది. నలభై దాటాక కిందికి దిగి గెలవడం ఏంటో బరువు తగ్గించుకున్నవాళ్లకు తెలుస్తుంది.

ఇంకొకరు మోమో కోసెకి. 46.3 కిలోల ఆటమ్ వెయిట్, మగవాళ్లకు ఆ విభాగమే లేదు. 2008లో డబ్ల్యూబీసీ టైటిల్ గెలిచి, వరసగా 17 సార్లు నిలబెట్టుకుంది. జపాన్ పురుషుల్లో యోకో గుషికెన్ 13 సార్లు నిలబెట్టుకుంటే దేశమంతా తలకెత్తుకుంది. కోసెకి పేరు జపాన్‌లోనే చాలామందికి తెలియదు. 2015లో ఇంకో ఛాంపియన్ అయాకా మియావోను కూడా ఓడించింది, ఆ తర్వాత బెల్టు నడుముకు ఉండగానే తప్పుకుంది.

అపోహ: బరువు ఎంత తగ్గితే అంత లాభం

పిల్లల విషయంలో వద్దు. ఎదిగే వయసులో నీళ్లు మానేసి, చెమట సూట్లు వేసుకుని పరిగెత్తడం నేను ఒప్పుకోను. ఉన్న బరువులోనే ఆడమంటాను. పెద్దవాళ్లకు కొన్నిసార్లు తప్పదు: నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది, పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు కాబట్టి 50కి దిగాల్సి వచ్చింది. 2023లో ఢిల్లీలో ఆ బరువులోనూ ప్రపంచ టైటిల్ గెలిచింది. అది డాక్టర్లు, డైటీషియన్ వెంట ఉండి నెలల తరబడి చేసే పని, ఇంట్లో అన్నం మానేస్తే అయ్యేది కాదు.

అపోహ: మెడల్ వచ్చాక ఆపేస్తే అంతా వృథా

ఇరియే దగ్గర జనానికి అసలు మింగుడుపడనిది ఇదే. స్వర్ణం గెలిచిన వెంటనే, యూనివర్సిటీ చదువు అయ్యాక బాక్సింగ్ ఆపేస్తానని చెప్పింది. ప్రొఫెషనల్ అవుతుంది, పారిస్‌కు వస్తుంది అని అందరూ అనుకున్నారు. ఆమె 2022 చివర్లో, 22 ఏళ్లకు, జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచి మాట ప్రకారం గ్లవ్స్ విప్పేసింది. వీడియో గేమ్ కంపెనీలో ఉద్యోగం చేస్తానని మొదట అంది. చివరికి తనకు ప్రాణమైన కప్పల వైపు వెళ్లింది. టోక్యో వ్యవసాయ, సాంకేతిక యూనివర్సిటీలో పోస్ట్‌గ్రాడ్యుయేషన్‌లో చేరి కప్పల మీద పరిశోధనకు దిగింది.

జపాన్ బాక్సింగ్‌కు ఇది నష్టమే, కాదనను. పారిస్‌కు ఆ దేశం నుంచి ఒక్క మహిళా బాక్సర్ కూడా అర్హత సాధించలేదు. ఒక్క స్వర్ణంతో వెనక వరస దానంతటదే తయారవదని అక్కడివాళ్లకు బాగా తెలిసొచ్చింది. కానీ ఆ భారం మోయాల్సింది సమాఖ్య, ఇరవై రెండేళ్ల అమ్మాయి కాదు.

మన దగ్గర నిఖత్‌కు రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, ఇరియే ల్యాబ్‌లో కప్పల దగ్గరికి వెళ్లింది. "మరి మా అమ్మాయి ఎన్నేళ్లు ఆడాలి సార్?" అని అడిగే తల్లిదండ్రులకు ఈ రెండూ చెబుతాను. ఆ తర్వాత సాయంత్రం ఐదున్నరకు షూస్, స్కిప్పింగ్ తాడు పట్టుకుని రమ్మంటాను. గ్లవ్స్ ఇప్పుడే కొనొద్దు, మొదటి నెల వాటితో పనిలేదు.