మైకుల అడవి: గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలను జనమే రికార్డు చేసుకున్న తీరు

1984 అక్టోబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో జరిగిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం కచేరీలకు కొత్తరకం టికెట్లు వచ్చాయి. అవి కొన్నవాళ్లు మైకులు, స్టాండ్లు, టేపు రికార్డర్లు దర్జాగా లోపలికి తెచ్చుకోవచ్చు. కాకపోతే కూర్చోవలసింది, శబ్దాలన్నీ కలిపి సరిచేసే బల్ల అయిన సౌండ్‌బోర్డుకి వెనక. అప్పటిదాకా దొంగచాటుగానో, చూసీచూడనట్టు వదిలేస్తేనో తెచ్చుకున్నవాళ్లే. వాళ్లంతా శబ్దం బాగా పడే చోటు వెతుక్కుని సౌండ్‌బోర్డు ముందే స్టాండ్లు పాతేవారు. చివరికి మిక్సింగు చేసే ఇంజినీరుకే వేదిక కనబడకుండా పోయింది. గెంటేయడం ఒక దారి, వెనక్కి జరపడం ఇంకో దారి. బృందం రెండోది ఎంచుకుంది.

ఈ బృందం 1965లో మొదలై, గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయిన 1995లో ముగిసింది. ఆ ముప్పై ఏళ్లలో దాదాపు 2,300 కచేరీలు చేశారు. ఏ రాత్రి ఏ పాటలు పాడతారో ముందే చెప్పేవారు కాదు. ఒకే పాట ఒక రాత్రి ఎనిమిది నిమిషాలు, ఇంకో రాత్రి ఇరవై ఐదు నిమిషాలు సాగేది. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిదే. నిన్నటి కచేరీ ఇవాళ్టిది కాదు కాబట్టి నిన్నటిది కావాలంటే దాన్ని ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. గార్సియా కూడా 1964లో ఒక స్నేహితుడితో కలిసి టేపు రికార్డరు వెంటబెట్టుకుని బ్లూగ్రాస్ అనే జానపద బాణీ కచేరీల కోసం అమెరికాలో ఊళ్లు తిరిగినవాడే. ఇలా కచేరీలు రికార్డు చేసుకునే 'టేపర్ల' మీద ఆయనకు కోపం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

టేపర్ల మధ్య కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మైకు దగ్గర చప్పట్లు కొట్టకూడదు. టేపు బుసను తగ్గించే డాల్బీ వాడకూడదు. కాపీ ఎన్నో తరానిదో, అంటే అసలు టేపు నుంచి ఎన్నో కాపీయో, చెప్పకుండా ఇవ్వకూడదు. డబ్బుకి అమ్మనే కూడదు. పైకి ఇవి మడీ ఆచారాల్లా కనబడతాయి. అమ్మకూడదన్న ఒక్కటి పక్కన పెడితే, మిగతావన్నీ నేరుగా భౌతికశాస్త్రం నుంచి వచ్చినవే.

చప్పట్ల సంగతే చూద్దాం. బిందువు లాంటి మూలం నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపయితే 6 డెసిబెళ్లు తగ్గుతుంది. స్పీకర్లు 30 మీటర్ల దూరంలో ఉండి, పక్కవాడి చేతులు అరమీటరు దూరంలో ఉంటే, ఆ చేతులకు దక్కే లాభం లెక్క ప్రకారం 35 డెసిబెళ్లకు పైమాటే. పెళ్లి వీడియోలో మంత్రాలకన్నా కెమెరా పక్కన నిలబడ్డ పెద్దాయన దగ్గే గట్టిగా వినపడటానికి కారణం ఇదే. దీనికి టేపర్ల దగ్గరున్న మందు మైకు నాణ్యత కాదు, స్టాండు పొడుగు. మైకుని జనం తలలకన్నా బాగా పైకి, మూడు మీటర్ల దాకా లేపితే చప్పట్లు కొట్టే చేతులకూ మైకుకూ మధ్య దూరం అరమీటరు నుంచి ఒకటిన్నర మీటర్లవుతుంది. అంటే చప్పట్లు తొమ్మిదిన్నర డెసిబెళ్లు తగ్గుతాయి. స్పీకర్ల నుంచి దూరం మాత్రం పెద్దగా మారదు. ఖర్చు లేకుండా దొరికే ఇంత లాభం రికార్డింగులో మరొకటి లేదు. పొడుగు పెరిగేకొద్దీ స్టాండు ఊగుతుంది కాబట్టి కాళ్ల మీద బరువు పెట్టాలి, వైరుని స్టాండుకి టేపుతో చుట్టాలి. వేలాడే వైరుకి ఎవరి కాలైనా తగిలితే ఆ కుదుపు మైకులోకి ధబ్బుమని ఎక్కుతుంది.

రెండు మైకులను ఎలా నిలబెట్టాలన్నది ఇంకో శాస్త్రం. ఫ్రెంచి రేడియో సంస్థ పేరుతో ప్రసిద్ధమైన 'ఓఆర్‌టీఎఫ్' అమరికలో మైకుల కొసల మధ్య 17 సెంటీమీటర్లు, రెండింటి మధ్య కోణం 110 డిగ్రీలు. మన రెండు చెవుల మధ్య దూరానికి ఇది దగ్గర. ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ మైకుకి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. వినేవాడి మెదడు ఆ తేడాతో దిక్కు పోల్చుకుంటుంది. అయితే 110 డిగ్రీలు అందరికీ నప్పవు. హాలు చివర కూర్చున్నవాడికి ఎడమ, కుడి స్పీకర్ల గుట్టలు రెండూ ఎదురుగా ఒకే చోట ఉన్నట్టే లెక్క. అక్కడ కోణం అంత విప్పితే మైకులు స్పీకర్లను వదిలేసి పక్క గోడల ప్రతిధ్వనిని వింటాయి. అందుకే వెనక కూర్చున్నవాళ్లు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి 'షాట్‌గన్' మైకులు వాడేవారు. వాటితోనూ చిక్కుంది. ఆ గొట్టం పై శ్రుతులను ఏరినట్టు కింది శ్రుతులను ఏరలేదు. దాంతో గిటారు స్పష్టంగా వచ్చినా, బేస్ మాత్రం హాలంతా తిరిగి వచ్చి బురదబురదగా పడుతుంది. 1984 తర్వాత టేపర్లు సౌండ్‌బోర్డు వెనక్కి వెళ్లాక ఈ ఫిర్యాదు పెరిగింది. అధికారికంగా చోటు దొరికింది గానీ దొరికింది మంచి చోటు కాదు. కొందరు మొండిగా ముందుకే వెళ్లి, మైకులు టోపీల్లో దాచుకుని రికార్డు చేసేవారు.

ఇక యంత్రం. ఎనభైల్లో టేపర్ల చేతిలో ఎక్కువగా కనిపించినది సోనీ టీసీ-డీ5ఎం, రెండు పెద్ద సెల్లులతో నడిచే క్యాసెట్ డెక్కు. దానిలో మాక్సెల్ ఎక్స్ఎల్-2 రకం 90 నిమిషాల క్యాసెట్టు. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదులుతుంది కాబట్టి 45 నిమిషాల వైపుకి సుమారు 129 మీటర్ల టేపు కావాలి. 120 నిమిషాల క్యాసెట్టు వాడితే మధ్యలో తిప్పే బాధ తగ్గదా? తగ్గుతుంది. కానీ అదే డబ్బాలో అంత పొడుగు టేపు పట్టాలంటే దాన్ని పల్చన చెయ్యాలి. పల్చటి టేపు సాగుతుంది, రోలరుకి చుట్టుకుంటుంది, పక్క పొరలోని శబ్దం ఈ పొరకి అంటుకుని పాటకు ముందే దాని నీడ వినిపిస్తుంది. పెన్సిలు దూర్చి టేపు చుట్టిన తరానికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి 45 నిమిషాలకొకసారి క్యాసెట్టు తిప్పక తప్పదు. డెడ్ కచేరీలో రెండో సగం పాటకీ పాటకీ మధ్య ఆగకుండా, నడుమ డ్రమ్ముల ఘట్టంతో కలిపి గంటా పాతిక దాటి సాగేది. తిప్పే ఆ పది, పదిహేను సెకన్లు పోతే పోయినట్టే. అనుభవమున్నవాళ్లు టేపు చివరిదాకా ఆగేవారు కాదు. నలభై నిమిషాలు దాటిన దగ్గర్నుంచి పాట ముగింపు కోసం చెవి పెట్టి, దొరకగానే తిప్పేసేవారు. కొత్త క్యాసెట్టు మొదట్లో అయస్కాంత పూత లేని నాలుగైదు సెకన్ల తెల్లటి లీడరు ఉంటుంది. దాన్ని ఇంట్లోనే చుట్టి దాటించి తెచ్చుకునేవారు. ఈ చిన్న పని మరిచినవాడికి పాట మొదటి మాట దక్కేది కాదు.

సెల్లులు నీరసిస్తే వచ్చే తప్పు తమాషాగా ఉంటుంది. మోటారు మెల్లగా తిరిగినప్పుడు రికార్డయిన టేపుని మామూలు వేగంతో వింటే పాట పరుగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. అంటే సెల్లులు చచ్చేకొద్దీ పాటకు ప్రాణం లేచొస్తుంది. 6 శాతం తేడా అంటే హార్మోనియం మీద పక్క మెట్టు ఎక్కినట్టే. దీన్ని సరిదిద్దడానికి ఒక మంచి కొలబద్ద టేపులోనే దాగి ఉండవచ్చు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్‌ది. సౌండు యంత్రాల నుంచి వచ్చే ఆ సన్నని గుంయ్ శబ్దం టేపు మీద 61.8 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే, టేపు 3 శాతం వేగంగా ఆడుతోందన్నమాట.

మంచి మైకులు కొనలేనివాడు ఉన్నవాడి డెక్కు నుంచి వైరు లాక్కునేవాడు. అతని డెక్కు నుంచి మరొకడు. ఇలా ఒకే జత మైకుల కింద డెక్కులు గొలుసుకట్టుగా వేలాడేవి. గొలుసులో మొదటివాడు తన వాల్యూము బిరడా తిప్పితే వెనకున్నవాళ్లందరి రికార్డింగూ మారిపోతుంది. నడుమ ఒకడి సెల్లులు అయిపోతే అతని వెనకవాళ్లకి నిశ్శబ్దమే మిగులుతుంది. అందుకే గొలుసులో చేరేముందు అడిగే మొదటి ప్రశ్న, 'కొత్త సెల్లులేశావా?'

మైకులు లేకుండా శబ్దాన్ని అందుకున్నవాళ్లూ అక్కడే ఉండేవారు. చెవులు వినపడని అభిమానులు కొందరు గాలి బుడగలు రెండు చేతులతో పట్టుకుని నిలబడేవారు. సాగదీసిన పల్చటి రబ్బరు పొర బేస్, డ్రమ్ముల ఒత్తిడి అలలకు అదిరి, ఆ అదురుని అరచేతులకు అందిస్తుంది.

కచేరీ అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఒకరి దగ్గరున్నది పదిమందికి చేరాలి. టేపుకి సొంత బుసబుస ఒకటి ఉంటుంది. కాపీ చేసినప్పుడల్లా పాత టేపు బుసకి కొత్త టేపు బుస తోడవుతుంది. మొదటి తరం కాపీలో రెండు పాళ్లు, అంటే 3 డెసిబెళ్లు ఎక్కువ. మూడో తరంలో నాలుగు పాళ్లు, 6 డెసిబెళ్లు. ఏడో తరానికి 9. దీనికి తోడు ఒక్కో డెక్కులో టేపుని చదివే హెడ్డు కాస్త వాలి ఉంటే ప్రతి కాపీలోనూ పై శ్రుతులు రాలిపోతాయి. అందుకే తరం సంఖ్య దాచినవాడిని మోసగాడికింద లెక్కగట్టేవారు.

డాల్బీ ఆ బుసను తగ్గించడానికే పుట్టింది కదా, మరి నిషేధం ఎందుకు? డాల్బీ-బి రికార్డింగులో సన్నని పై శ్రుతులను పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్నది శబ్దం స్థాయిని బట్టి లెక్కగడుతుంది. నా డెక్కు స్థాయీ మీ డెక్కు స్థాయీ రెండు డెసిబెళ్లు తేడాగా ఉంటే ఆ లెక్క తప్పి, తాళాల మెరుపు మసకబారుతుంది. నాలుగు డెక్కులు మారితే నాలుగు తప్పులు. బుసని చెవి అలవాటు చేసుకుంటుంది, ఈ నష్టాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. రెట్టింపు వేగంతో కాపీ చేయడాన్నీ ఇందుకే చిన్నచూపు చూసేవారు. ఆ వేగంలో 15 కిలోహెర్ట్జ్ శబ్దం 30 కిలోహెర్ట్జ్‌గా హెడ్డు దాటాలి. చవక డెక్కు దాన్ని అందుకోలేదు.

తరాలు పెరగకుండా ఎక్కువమందికి అందించడానికి చెట్టు పద్ధతి కుదిరింది. మూలంలో ఉన్నవాడు ఐదుగురికి, ఆ ఐదుగురు తలా ఐదుగురికి, వాళ్లు మళ్లీ ఐదేసి మందికి. మొత్తం 155 మందికి చేరుతుంది, ఎవరి కాపీ మూడో తరం దాటదు. అదే ఒకరి తర్వాత ఒకరుగా కాపీ చేసుకుంటూ పోతే చివరివాడికి దక్కేది 155వ తరం బుస. శ్రమ మాత్రం తక్కువేమీ కాదు. రెండు క్యాసెట్ల కచేరీకి ఐదు కాపీలంటే అసలు వేగంతో పదిహేను గంటలు.

మారకానికి ఇవ్వడానికి ఏమీ లేని కొత్తవాడు ఖాళీ క్యాసెట్లూ, తిరుగు కవరూ, దాని మీద తపాలా బిళ్లలూ పంపేవాడు. దీన్ని 'బ్లాంక్స్ అండ్ పోస్టేజ్' అనేవారు. క్యాసెట్లను ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి పంపడం పద్ధతి, ఎందుకంటే డబ్బా దారిలో పగులుతుంది, బరువుకి బిళ్లలు ఎక్కువ పడతాయి. పాటల చిట్టా రాసిస్తే డబ్బులు తీసుకుని క్యాసెట్టు నింపి ఇచ్చే రికార్డింగు షాపులు అదే కాలంలో మన ఊళ్లలోనూ ఉండేవి. అక్కడ అది బేరం, ఇక్కడ మాత్రం డబ్బు చేతులు మారితే వెలివేతే.

సౌండ్‌బోర్డు నుంచి నేరుగా తీసిన టేపు దొరికితే పండగే అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. సౌండ్‌బోర్డు నింపేది హాలులో తక్కువైనదాన్ని. చిన్న హాలులో గిటారు, డ్రమ్ములు వేదిక మీంచే గట్టిగా వినపడతాయి కాబట్టి ఇంజినీరు గొంతులనే పెంచుతాడు. టేపులో గొంతు ముఖం మీద పాడినట్టు, గిటారు పక్కింట్లో వాయించినట్టు ఉంటుంది. 1974లో సుమారు 600 స్పీకర్లను గాయకుల వెనకే గోడలా పేర్చినప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. ఆ హోరు మైకులోకి దూరకుండా ప్రతి గాయకుడికీ రెండు మైకులు ఎదురెదురు ధ్రువాలతో కలిపి పెట్టారు. రెండింటికీ సమానంగా చేరిన హోరు రద్దవుతుంది, ఒకదానిలోనే పాడిన గొంతు మిగులుతుంది. కానీ గొంతులోని కింది శ్రుతులు రెండో మైకుకీ కొంత చేరి అవీ కోసుకుపోయాయి. ఆ ఏడాది టేపుల్లో గొంతులు పల్చగా ఉండటానికి ఇది ముఖ్య కారణం. అయినా బృందం సొంత ఇంజినీరు బెట్టీ కాంటర్-జాక్సన్ తీసిన టేపుల ముందు ఈ వంకలు పెట్టడమంతా తేలిపోతుంది. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్‌లో ఆమె రికార్డు చేసిన కచేరీ ముప్పై ఏళ్లకు పైగా చేతులు మారి, అధికారికంగా 2017లో బయటికొచ్చింది.

డిజిటల్ రోజులు వచ్చాక తరాల బెడద పోయింది, దాని స్థానంలో కొత్త బెడదలు వచ్చాయి. డాట్ అనే డిజిటల్ టేపు సెకనుకి 48 వేల నమూనాలు తీసుకుంటే సీడీ 44,100 తీసుకుంటుంది, కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చక తప్పదు. సీడీ మీద శబ్దం సెకనుకి 75 ముక్కలుగా, ముక్కకి 588 నమూనాలుగా ఉంటుంది. పాటని సరిగ్గా ముక్క అంచున కోయకపోతే మిగిలిన జాగాని యంత్రం సున్నాలతో నింపుతుంది, ఆగకుండా సాగే వాయింపు నడుమ టిక్కుమంటుంది. ఎంపీ3ని మధ్యలో వాడి మళ్లీ సీడీ చేసినవాడిని శబ్ద వర్ణపటంలో పట్టుకునేవారు. పై శ్రుతులు 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు తెగిపోయి ఉంటే అనుమానించాల్సిందే.

సౌండ్‌బోర్డు టేపుకి హాలు గాలి పోయడానికి ప్రేక్షకుల టేపుతో కలపడమూ మొదలయింది. 30 మీటర్ల దూరంలోని మైకుకి శబ్దం 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంతమేర జరపకుండా కలిపితే ప్రతి డ్రమ్ము దెబ్బా రెండుసార్లు పడుతుంది. జరిపాక కూడా పని అయిపోదు. రెండు యంత్రాల గడియారాలు పది లక్షలకు ఇరవై పాళ్లు తేడాగా నడిస్తే, గంటన్నరకి అవి మళ్లీ 108 మిల్లీసెకన్లు విడిపోతాయి. అందుకే మొదట్లోనే కాదు, చివర్లోనూ ఒక దెబ్బ చూసి సరిపోల్చి, ఒక టేపుని ఆమేరకు సాగదీయాలి.

క్యాసెట్టు తిప్పినప్పుడు పోయిన సెకన్లను పూడ్చే పద్ధతీ ఇదే. అదే రాత్రి ఇంకొకడు వేరే క్షణంలో తిప్పి ఉంటాడు కాబట్టి అతని టేపులో ఆ ముక్క ఉంటుంది. వేగం సరిచూసి, స్థాయి కలిపి, డ్రమ్ము దెబ్బ మీద అతుకు వేస్తారు. ఎంత జాగ్రత్తగా వేసినా ఆ పదిహేను సెకన్లు హాలు కాస్త పక్కకి జరిగినట్టు, బేస్ కాస్త లావెక్కినట్టు, ఇందాకటిదాకా లేని మనిషెవరో కుడిపక్కన ఈల వేస్తున్నట్టు వినిపిస్తుంది. టేపుతో పాటు ఇచ్చే కాగితంలో ఆ అతుకు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉందో, ఎవరి టేపు నుంచి తెచ్చారో తప్పనిసరిగా రాస్తారు.