కివి, చెవి, ఖఫ్: ద్రావిడ భాషాధ్యయనం నడిచిన దారి

కన్నడం తమిళం నుంచే పుట్టిందని ఒక ప్రముఖ తమిళ నటుడు 2025 మే నెలలో చెన్నైలో జరిగిన సినిమా వేడుకలో అన్న మాట కర్ణాటకలో పెద్ద దుమారం రేపింది. వ్యవహారం ఆ రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి వాదులాట తలెత్తడం అది మొదటిసారి కాదు. ఏ భాష ఏ భాషకు తల్లి అన్న ప్రశ్న లేచినప్పుడల్లా అభిమానం, ఆగ్రహం ముందుకు వస్తాయే గాని, ఈ ప్రశ్న మీద రెండు వందల ఏళ్లుగా పనిచేస్తూ వచ్చిన పండితుల మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కదు. ఆ పండితులు ఏం చెప్పారో, ఆ మాట చెప్పగలిగే స్థితికి ఎలా చేరుకున్నారో తెలుసుకోవడానికి చెవి అన్న మాటతోనే మొదలుపెట్టవచ్చు.

తెలుగులోనూ తమిళంలోనూ ఆ మాట చకారంతో మొదలవుతుంది. కన్నడంలో అది కివి. జార్ఖండ్ ప్రాంతపు కూడుఖ్ భాషలో ఖెబ్దా, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఖఫ్. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూలభాషలో ఈ మాట కకారంతోనే మొదలయ్యేదని, ఇ, ఎ అచ్చుల ముందు ఆ కకారం తమిళంలోనూ తెలుగులోనూ చకారంగా మారిందని, కన్నడం మాత్రం పాత ధ్వనిని నిలుపుకొన్నదని తేలుతుంది. మన చెఱువు కన్నడంలో కెఱె కావడం కూడా ఇందువల్లనే. కన్నడం తమిళం నుంచే పుట్టి ఉంటే, తమిళం పోగొట్టుకున్న ధ్వని ఒక్కొక్క మాటలోనూ సరిగ్గా తన పాత చోటికే తిరిగి వచ్చి ఉండాలి. ధ్వనులు అలా తిరిగి రావు. అందుచేత తమిళం గాని తెలుగు గాని కన్నడం గాని ఒకదానికొకటి తల్లులు కావు. రాతకెక్కని ఒక మూలభాష నుంచి వేర్వేరు కాలాల్లో విడిపోయిన తోబుట్టువులు.

ఈ మాట మొదట అచ్చయినది ఒక తెలుగు వ్యాకరణంలో కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, ఈస్టిండియా కంపెనీ కొలువులోకి వచ్చే యువకులకు దేశభాషలు నేర్పడానికి 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలను నెలకొల్పాడు. ఆ కళాశాల తరఫున 1816లో వెలువడిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ఒక పీఠిక జోడించి, తెలుగు, తమిళం, కన్నడం తదితర భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, అవన్నీ ఒకే కుటుంబానికి చెందినవని ధాతువుల పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ తెలుగు ధాతువులను కూర్చి ఇచ్చినవాడు అదే కళాశాలలో సంస్కృతాంధ్రాలకు ప్రధానోపాధ్యాయుడైన పట్టాభిరామశాస్త్రి. మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడదీసే పద్ధతిని ఎల్లిస్ మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య రాసిన ఆంధ్రదీపిక నుంచి గ్రహించి, ఆ భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చి తన పీఠికలో చేర్చాడు. సంస్కృత ప్రాకృతాల నుంచి రానివిగా ఎంచి మన వైయాకరణులు దేశ్యమని వేరుగా పెట్టిన మాటల గుంపే, పొరుగు భాషల దేశ్యాలతో పోల్చి చూసేసరికి ఒక భాషాకుటుంబానికి సాక్ష్యంగా మారింది. ఈ అధ్యయనం తొలి అడుగులోనే మన పండితుల పాలు ఉందని నేను నొక్కి చెబుతున్నది ఇందుకే. ఎల్లిస్ 1819లో రామనాథపురంలో మరణించాడు. ఆయన రాతప్రతులు చాలావరకు నశించిపోయాయి. ఆ పీఠిక మరుగున పడింది.

లోకానికి తెలిసిన పేరు రాబర్ట్ కాల్డ్వెల్‌ది. తిరునెల్వేలి ప్రాంతపు ఇడైయంగుడిలో మతబోధకుడిగా ఉన్న ఆయన 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించాడు. సంస్కృత గ్రంథాల్లోని ద్రావిడ శబ్దాన్ని ఈ కుటుంబానికి పేరుగా స్థిరపరచినదీ ఆయనే. 1875లో వచ్చిన రెండో ముద్రణలో 12 భాషలు కనిపిస్తాయి. ఆ భాషలను ఆయన నాగరికమైనవని, నాగరికం కానివని రెండుగా పంచాడు. ఆ విభజన నీడ ఈనాటికీ తొలగలేదు. ఆ తరంలోనే బ్రౌన్ తెలుగుకు, గుండర్ట్ మలయాళానికి, కిట్టెల్ కన్నడానికి మహానిఘంటువులు కూర్చగా, 1906లో భారతీయ భాషాసర్వే ముండా, ద్రావిడ భాషల సంపుటం వెలువడింది. మూడేళ్ల తరువాత డెనిస్ బ్రే బ్రాహుయీ వ్యాకరణాన్ని ప్రకటించాడు.

తెలుగునాట మాత్రం ప్రశ్న అంత తేలికగా తెగలేదు. చిలుకూరి నారాయణరావు 1937లో వెలువడిన తన ఆంధ్ర భాషా చరిత్రలో తెలుగు ప్రాకృతాల నుంచే వచ్చిందని రెండు సంపుటాల నిండా వాదించారు. కోరాడ రామకృష్ణయ్య, గంటిజోగి సోమయాజి మొదలైనవారు ద్రావిడ పక్షాన నిలిచారు. నారాయణరావు నిర్ణయం నిలబడలేదు గాని, ఆయన పోగుచేసిన సామగ్రిని తరువాతి వారెవరూ తోసిపుచ్చలేకపోయారు. వాదం ఎంత తీవ్రంగా సాగినా అది శాసనాలు, కావ్యాలు, వ్యాకరణాల చుట్టూనే తిరిగింది. తెలుగుకు దగ్గరి చుట్టాలు ఎవరో తేల్చే ఆధారం ఆ పుస్తకాల్లో లేదు, కొండల్లో ఉంది.

ఆ వైపు నడక మొదలుపెట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన వ్యక్తి మర్రే బి. ఎమెనో. కెనడాలో పుట్టి అమెరికాలో సంస్కృతం చదువుకున్న ఆయన 1935లో భారతదేశానికి వచ్చి మూడేళ్లు ఉండి, నీలగిరుల్లో తోడ, కోత భాషలను, ఇంకా కొడగు, కొలామీలను మాట్లాడేవారి నోట విని రాసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడైన థామస్ బరో కూడా అలాగే భారత మానవశాస్త్ర సర్వేకు చెందిన సుధీభూషణ్ భట్టాచార్యతో కలిసి బస్తరు, కోరాపుట్ అడవి పల్లెలు తిరిగి పర్జీ, పెంగో వంటి భాషలను నమోదు చేశాడు. వేర్వేరు ఖండాల్లో ఉన్న ఈ ఇద్దరూ కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడింది, 1984లో సంస్కరించిన కూర్పు వచ్చింది. అయిదున్నర వేలకు పైగా పదాల పద్దులున్న ఆ పుస్తకంలో కంబరామాయణపు తమిళానికి, నాలుగు గుడిసెల్లో వినిపించే మాటకు ఒకే వరుసలో చోటు దక్కింది. కాల్డ్వెల్ గీసిన గీతను ఆ వరుస చెరిపేసిందని నాకు అనిపిస్తుంది.

ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి పుస్తకాల దారి, కొండల దారి అనే ఈ రెంటినీ కలిపారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొంది, తెలుగు ధాతువుల చరిత్రపై ఆయన రాసిన గ్రంథం 1961లో కాలిఫోర్నియా నుంచి వెలువడింది. తెలుగు ‘రెండు’ తమిళంలో ‘ఇరండు’, కన్నడంలో ‘ఎరడు’. తెలుగు ‘రోలు’ తమిళంలో ‘ఉరల్’. ‘లేత’కు సాటి వచ్చేది తమిళ ‘ఇళ’. తమిళ, కన్నడాల్లో మాట మొదట ఉన్న అచ్చు తెలుగులో వెనక్కి జరిగి, ర, ల వంటి హల్లులు మాటకు మొదట వచ్చి నిలిచాయి. ఈ మార్పు తెలుగుకే పరిమితం కాదు. గోండీలో రెండును ‘రండ్’ అంటారు. తమిళ ‘అవన్’కు తెలుగు ‘వాడు’ ఎంత దూరంలో ఉందో, అరకు ప్రాంతంలో ‘కొండ’ అనే పేరుగల భాషలోని ‘వాన్ఱు’కు అంత దగ్గరలో ఉంది. ఇలాంటి ఆధారాలతో ఆయన తెలుగును గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల సరసన చేర్చారు. ఆ కొండ భాష వివరణను కూడా క్షేత్రపరిశోధన చేసి ఆయనే 1969లో పుస్తకంగా ఇచ్చారు. వేయేళ్ల సాహిత్యమున్న తెలుగుకు అతి సమీప బంధువులు లిపి లేని గిరిజన భాషలని తేలడం ఈ రెండు వందల ఏళ్ల అధ్యయనంలో మనకు అన్నిటికన్నా దగ్గరగా తగిలే ఫలితం.

ఆయన అదే కాలంలో రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. రైతు నోటి మాట ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక్క ‘మేడి’ చాలు. మన రైతు మేడి అనే నాగలి పిడికి తమిళంలో ఉన్న పాత పేరు ‘మేఴి’, రెండూ ఒకే మాట.

వ్యక్తుల కృషి వ్యవస్థగా మారడానికి మరికొంత కాలం పట్టింది. 1950ల నడుమ పూణె డెక్కన్ కళాశాలలో రాక్‌ఫెల్లర్ సంస్థ సాయంతో జరిగిన వేసవి పాఠశాలలు ఒక తరాన్ని తయారుచేశాయి. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఏర్పడింది. అణ్ణామలైలో ద్రావిడ భాషాశాస్త్రానికి ఉన్నత అధ్యయన కేంద్రం వెలసి, పి.ఎస్. సుబ్రహ్మణ్యం వంటి తెలుగు పండితుల ద్రావిడ క్రియా స్వరూప పరిశోధనకు అచ్చు వేదిక అయింది. కేరళ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన వి.ఐ. సుబ్రమోణియం 1971లో తిరువనంతపురంలో ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల సంఘాన్ని స్థాపించారు. మరుసటి ఏడు అంతర్జాతీయ పత్రిక, 1977లో అంతర్జాతీయ ద్రావిడ భాషాశాస్త్ర పాఠశాల వచ్చాయి. అంతవరకు తమ తమ భాషల గడప దాటని పండితులు సంఘం సదస్సుల్లో ఒకరి వ్యాసాన్ని ఒకరు విని తప్పులు పట్టే అలవాటు చేసుకున్నారు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది.

కృష్ణమూర్తి 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన తన సమగ్ర గ్రంథంలో 26 ద్రావిడ భాషలను లెక్కించారు. 2018లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం 20 భాషల పదాలను గణాంక పద్ధతులతో పరిశీలించి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేసింది. అయితే శాఖల మధ్య ఉన్న సంబంధం ఆ పద్ధతికి కూడా స్పష్టంగా చిక్కలేదు. చిక్కు తీరాలంటే చిన్న భాషల సామగ్రి ఇంకా కావాలి.

సాయం మాత్రం పెద్ద భాషల వైపే పారింది. తమిళానికి 2004లో, తెలుగు, కన్నడాలకు 2008లో, మలయాళానికి 2013లో ప్రాచీన హోదా వచ్చింది. ఆ హోదాకు కొలత పాత సాహిత్యం గనుక లిపి లేని భాషకు అందులో ప్రవేశమే లేదు. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు 29 లక్షలకు పైబడి ఉన్నా అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. కొలామీ వారు లక్షా 28 వేల మంది. 10 వేల మంది లేని భాషను జనగణన పట్టిక అసలు పేరెత్తి చెప్పదు, కాబట్టి పెంగో, మండ అందులో కనిపించవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామీ, కువి, కొండ సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారుచేసే ప్రయత్నం జరిగింది. అరకు, ఆదిలాబాదు పిల్లలు తమ ఇంటి మాటను అచ్చులో చూసుకున్నది ఆ పుస్తకాల్లోనే.