‘పెల్లి’ అనేవారు ‘చెత్తు’ అని ఎందుకు అనరు? ధ్వనుల వర్గీకరణపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పలుకుబడులను రికార్డు చేసి, వాటిలోని ధ్వనులను విడదీసి పరిశీలించడం, ఆ విషయాన్నే తరగతిలో బోధించడం నా వృత్తి. ఈ రంగంలో పనిచేసేవారు ఒక ధ్వనిని విడదీయరాని ముద్దగా చూడరు. నాదం (స్వరతంత్రుల కంపనం), అనునాసికత (గాలి ముక్కు గుండా రావడం), మూర్ధన్యత (నాలుకను వెనక్కి మడిచి పలకడం) వంటి గుణాల కూర్పుగా చూస్తారు. ‘పాట’కూ ‘బాట’కూ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, గొంతులో స్వరతంత్రులు కంపించడం, కంపించకపోవడం ఒక్కటే తేడా, ఆ ఒక్క తేడాతో మాట అర్థమే మారిపోతుంది. ఇలా అర్థాన్ని వేరుచేయగల గుణాలను భేదక లక్షణాలు అంటారు. ప్రాగ్ భాషాశాస్త్రవేత్తల బృందానికి చెందిన నికొలాయ్ త్రుబెత్స్కోయ్, రోమన్ యాకబ్సన్ ఈ ఆలోచనకు పునాది వేయగా, 1952లో యాకబ్సన్, గున్నార్ ఫాంట్, మోరిస్ హాలె కలిసి 12 జతల లక్షణాలను ప్రతిపాదించారు. 1968లో నోమ్ చామ్‌స్కీ, హాలె ఆ జాబితాను ఉచ్చారణ ఆధారంగా తిరగరాశారు. దీని చుట్టూ అల్లుకున్న అపోహలలో నాకు తరచుగా ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి.

అపోహ: మన వర్ణమాలలోనే అంతా ఉంది, కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఇందులో సగం నిజం. వర్గాక్షరాలు నిలువునా నోటిలోని స్థానాన్ని బట్టీ, అడ్డంగా శ్వాస, నాద, ప్రాణ, అనునాసిక భేదాలను బట్టీ అమరి ఉన్నాయన్నది కాదనలేనిది. అయితే పట్టికలో ఒక్కొక్క ధ్వనికి ఒక్కటే గది దొరుకుతుంది. ట, డ, ణ ఒక వరుసలో ఉండగా, వాటిలాగే నాలుకను వెనక్కి మడిచి పలికే ళ ఎక్కడో చివర విడిగా మిగిలింది. ఒకే మనిషి ఇంటిపేరును బట్టి ఒక గుంపులోనూ, ఊరిని బట్టి మరొక గుంపులోనూ లెక్కకు వచ్చినట్టు, లక్షణాల పద్ధతిలో ళ ఒకసారి టకారంతోనూ, మరొకసారి లకారంతోనూ, ఇంకొకసారి ణకారంతోనూ చేరుతుంది. ఈ చూపు మన సంప్రదాయానికి పరాయిది కాదు. పాణిని 14 మాహేశ్వర సూత్రాలలో వర్ణాలను పేర్చి, ‘ఇక్’ (ఇ, ఉ, ఋ, ఌ), ‘యణ్’ (య, వ, ర, ల) వంటి ప్రత్యాహారాలతో, అంటే గుంపులకు పెట్టిన పొట్టి పేర్లతో, పిలిచింది గుంపులను పట్టుకోవడానికే. ఇ, ఉ, ఋలకు య, వ, రలు వస్తాయని యణాదేశ సంధిని బడిలో వల్లె వేసినప్పుడు అవి మూడు వేర్వేరు మార్పులుగా తోస్తాయి; నిజానికి స్థానం అలాగే ఉండి, అచ్చుగా నిలిచే గుణం ఒక్కటే పోవడం మూడింటిలోనూ జరిగింది. వర్ణమాలను పొగిడేవారు పొగడవలసింది అక్షరాల వరుసకంటే ఎక్కువగా ఈ ప్రత్యాహారాలనే అని నా అభిప్రాయం.

అపోహ: ‘పెల్లి’, ‘నీల్లు’ అనడం నోరు తిరగకపోవడం.

మా వైపు చాలామంది నోట పెళ్లి ‘పెల్లి’గా, నీళ్లు ‘నీల్లు’గా, గణపతి ‘గనపతి’గా వినిపిస్తాయి, చూసే కళ్లకూ తాగే కల్లుకూ ఉచ్చారణలో తేడా ఉండదు. దీనిని బద్ధకమనో, చదువులేనితనమనో కొట్టిపారేయడం ఇక్కడి బడులలోనూ ఉంది. నిజంగా నోరు తిరగకపోతే, అంటే నాలుక కొనను వెనక్కి మడవడమే చేతకాకపోతే, ట, డలు కూడా పోవాలి కదా? ‘పెల్లి’ అన్న మనిషే ‘చెట్టు’, ‘పిట్ట’, ‘గుడి’ అని స్పష్టంగా అంటాడు. ‘చెత్తు’ అన్నవారు గానీ, గుడిని ‘గుది’ అన్నవారు గానీ కనిపించరు.

కారణం లక్షణాలలో ఉంది. ట, డలు పలికేటప్పుడు గాలి పూర్తిగా ఆగి, ఒక్కసారిగా విడుదలవుతుంది. ణ, ళలు పలికేటప్పుడు గాలికి దారి ఉంటుంది. ణకు ముక్కు గుండా, ళకు నాలుక పక్కల నుంచి. గాలి అడ్డు లేకుండా సాగే ఈ ధ్వనులలో మాత్రమే మూర్ధన్యత తొలగిపోయింది, గాలిని ఆపే ధ్వనులలో నిలిచింది. రెండు లక్షణాలు కలిసే చోట గీసిన గీత ఇది. దానిని దాటి మార్పు ఒక్క అడుగు వేయలేదు.

ఇంకా దగ్గరగా చూడవలసిన మాట ‘బండి’. దీనిని మెల్లగా పలికి చూస్తే, డకారం రాకముందే నాలుక మడత పడి ఉంటుంది. అంటే సున్న ఉన్నచోట వినిపించేది అసలు సిసలు ణకారమే. ‘గనపతి’ అన్న నోరే ‘బండి’లో ణకారం పలుకుతోంది. ఇందులో వింత లేదు. అక్కడి అనునాసికానికి తనదంటూ స్థానం లేదు. పక్కనున్న హల్లు నుంచి అది స్థానాన్ని తీసుకుంటుంది. కంకి, కంచె, బండి, కంద, కంప అన్న మాటలను వరుసగా పలికితే ఆ ధ్వని నోటిలో వెనక నుంచి పెదవుల దాకా నడిచి రావడం తెలుస్తుంది. అన్నింటికీ ఒకే సున్న చుట్టిన మన లిపి ఈ సంగతిని చక్కగా పట్టుకుంది. ఇంత కచ్చితమైన హద్దులతో నడిచేదానిని బద్ధకం అనడం భాషాశాస్త్రం ఒప్పుకోదు.

భయాన్ని ‘బయం’ అనడం, ధనాన్ని ‘దనం’ అనడం కూడా ఇలాంటిదే. మహాప్రాణం, అంటే ఊపిరిని ఒత్తి పలకడం, అనే ఒక్క లక్షణం అన్ని వర్గాలలోనూ ఒకేసారి లేకుండా పోయింది. ఈ విషయంలో పల్లెవారిని నవ్వేవారు ‘కథ’ను ‘కధ’ అని రాయడం మాత్రం నిత్యం కనిపిస్తుంది.

అపోహ: చెవికి వినిపించే ప్రతి తేడా భేదక లక్షణమే.

చలి, చాప, చుక్క, చోటు అన్న మాటలలోని చ పళ్ల దగ్గర పుడుతుంది, చీమ, చిలుక, చెట్టు, చేను అన్న మాటలలోని చ అంగిలి దగ్గర పుడుతుంది. తేడా స్పష్టంగా వినిపిస్తుంది. అచ్చ తెలుగు మాటలలో మాత్రం తర్వాతి అచ్చు తెలిస్తే చ ఎలాంటిదో చెప్పేయవచ్చు గనుక, ఆ తేడా అర్థాన్ని వేరుచేసే పని చేయదు. సంస్కృత పదాలు వచ్చి చేరడంతో లెక్క కొంత మారింది. అన్నంలో పోసుకునే చారు దంత్యం, అందమైన అనే అర్థంలోని చారు తాలవ్యం. ఒకే అచ్చు ముందు రెండు రకాల చ నిలిచినప్పుడు, నిన్నటి దాకా ఊహించగలిగిన తేడా ఇవాళ భేదకం కావడానికి సిద్ధమవుతుంది.

ఇక్కడ చను తాలవ్యం చేసేవి ఇ, ఈ, ఎ, ఏలు. అంటే నాలుక ముందుకు వచ్చే అచ్చులు. అదే ఇకారం బహువచనం దగ్గరకు వచ్చేసరికి గుంపు మారుస్తుంది. పులి ‘పులులు’, కత్తి ‘కత్తులు’, మనిషి ‘మనుషులు’ అవుతాయి గానీ, గద్దె ‘గద్దులు’ కాదు, మేక ‘మేకులు’ కాదు. నాలుక బాగా పైకి లేచే అచ్చులు ఇ, ఉ రెండే కాబట్టి, ఆ ఎత్తును నిలుపుకొని ముందువెనకలు మాత్రం మార్చుకోవడం ఇకారానికే కుదురుతుంది. చ దగ్గర ఎకారంతో కలిసి నడిచిన ఇకారం, బహువచనం దగ్గర దానిని వదిలి ఉకారాన్ని చేరింది.

అపోహ: లక్షణాలతో చెబితే సూత్రాలన్నీ ఒక్క గీతలో ఇమిడిపోతాయి.

ఇది బయటివారికంటే మా విద్యార్థులలోనే ఎక్కువ. సరళాదేశ సంధి ఈ ఆశను పెంచుతుంది: పూచెను, కలువలు కలిసి ‘పూచెనుగలువలు’ అయినప్పుడు పరుషానికి (క, చ, ట, త, పలకు) నాదం చేరుతుంది, మరేదీ మారదు. గసడదవాదేశం దగ్గర ఆ ఆశ చెదురుతుంది. కూరగాయలు, తల్లిదండ్రులు అన్నచోట క, తలకు నాదం వచ్చి గ, దలయ్యాయి. కాలుసేతులు అన్నచోట చ మాత్రం సగా మారింది. సకారానికి నాదమే లేదు. ఊరువల్లెలులో ప బకారం దగ్గర ఆగకుండా వకారం దాకా వెళ్లింది. వీటిని కలిపేది నాదం కాదు, రెండు అచ్చుల నడుమ హల్లు సడలడం. అడ్డగింత తగ్గే తీరు ఒక్కొక్క వర్గంలో ఒక్కొక్క విధంగా ఉంది. లక్షణాల భాషలో రాసేవారు ఇక్కడ రెండు మార్పులు ఉన్నాయని ఒప్పుకోవాలి. బలవంతంగా ఒక్కటి చేసి చూపిన సమాధాన పత్రాలకు నేను మార్కులు తగ్గిస్తాను.

అపోహ: ఏ లక్షణం ఉందో, ఏది లేదో యంత్రం చెప్పేస్తుంది.

ధ్వనిని బొమ్మగా చూపే ప్రాట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ల, ళలను పక్కపక్కన పెడితే, ళ దగ్గర మూడవ ఫార్మెంట్, అంటే నోటిలో బలంగా మోగే పౌనఃపున్యాలలో మూడవది, కిందికి దిగడం కనిపిస్తుంది. ఎంత దిగితే మూర్ధన్యం అనాలో మాత్రం ఆ బొమ్మ చెప్పదు. కొలతలు ఎక్కడా తెగకుండా సాగిపోతాయి, భాష వాటి మధ్య గీత గీసుకుంటుంది. ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే ఆ ధ్వని ఏ ధ్వనులతో కలిసి మారుతోందో, ఏ మాటలను వేరుచేస్తోందో చూడాలి.

అపోహ: ఒకే జాబితా అన్ని భాషలకూ చాలు.

యాకబ్సన్ ఆశ అదే. ఆ జాబితా పుట్టుకతో వచ్చినది కాదని, ఒక్కొక్క భాష నేర్చుకునే క్రమంలో లక్షణాలు ఏర్పడతాయని వాదించేవారు ఇప్పుడు ఉన్నారు. మన కొండల వైపు చూస్తే ఈ చర్చ ఎందుకు తెగలేదో తెలుస్తుంది. కొండదొరల కూబి భాషలో తెలుగు పోగొట్టుకున్న ర, ఱల భేదం నేటికీ ఉండటమే కాక, ఱకారంలో మళ్లీ నాదం ఉన్నది, లేనిది అని రెండు ఉన్నాయి. నాదం లేని ఱ తెలుగు చెవికి ఊహకే అందదు. ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందిన సవరలో కంఠద్వారం మూసుకొని మాట చటుక్కున ఆగే హల్లు ఉంది, దానికి తెలుగు లిపిలో అక్షరమే లేదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆ భాషను నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. ఆ హల్లులో జరిగే ఇలాంటి గొంతు బిగింపును ఒక లక్షణంగా హాలె, కెన్నెత్ స్టీవెన్స్ ప్రతిపాదించింది 1971లో. సవర మాటలను తెలుగు అక్షరాలలో రాసే ఉపాధ్యాయులు ఆ హల్లుకు ఒక గుర్తు పెట్టుకోకపోతే, పిల్లలు పలికే రెండు వేర్వేరు మాటలు పుస్తకంలో ఒక్కటైపోతాయి.