నోరి షీట్ బరువు మూడు గ్రాములు

మా చెల్లెలి కూతురు సెలవులకి వస్తూ ఒక నోరి ప్యాకెట్ పట్టుకొచ్చింది, అదే జపాన్ వాళ్ళు సుషీ అనే అన్నం చుట్టలకి చుట్టే నల్లటి షీట్లు, సముద్రపు నాచుని కాగితంలా పలచగా పరిచి ఎండబెట్టినవి. "పెద్దమ్మా, దీంట్లో వంద గ్రాములకి నలభై గ్రాముల ప్రోటీన్ ఉందంట, కందిపప్పుకి దాదాపు డబుల్, నువ్వు గుడ్డు కూడా ముట్టవు కదా, రోజూ ఇది తిను" అంది. అంకెలో అబద్ధం ఏం లేదు, జపాన్ ప్రభుత్వం వేసే ఆహార పట్టికల్లో కూడా కాల్చిన నోరికి 41 గ్రాములనే ఉంటుంది. కానీ నాకెందుకో అనుమానం వచ్చి కాటా తీసి తూచాను. పది షీట్లు కలిపి 28 గ్రాములు. అంటే ఒక్కోటి మూడు గ్రాములు కూడా లేదు, అందులో ప్రోటీన్ గ్రాము పైచిలుకు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. ఆ 41 గ్రాములు ఒంట్లోకి వెళ్ళాలంటే దాదాపు ముప్పై ఆరు షీట్లు నమలాలి, అది ఎవరి వల్ల అవుతుంది చెప్పండి.

ఈ తిరకాసు మనకి కొత్త కాదు. మునగాకు పొడిలో పాల కన్నా ఎన్నో రెట్లు కాల్షియం అని వాట్సాప్ లో తిరుగుతుంటుంది కదా, అదీ ఇదే. ఎండు రొయ్యలు తూచి చూడండి, పచ్చి రొయ్యలు కిలో ఎండితే ఎంత మిగులుతుందో. పచ్చి నాచులో 85 నుంచి 90 పాళ్ళు నీళ్ళే, ఆ నీళ్ళు పోయాక మిగిలినదాన్ని వంద గ్రాముల లెక్కన చూస్తే ప్రతి అంకే పెద్దగానే కనపడుతుంది. పాలు గ్లాసుడు తాగుతాం, పొడి చెంచాడు వేసుకుంటాం. అందుకే నా మాట ఏంటంటే ఎండు నాచు విషయంలో పట్టిక కన్నా ముందు నోట్లోకి పోయేది ఎన్ని గ్రాములో చూడాలి.

అలా చూస్తే ప్రోటీన్, కాల్షియం, విటమిన్ సి లాంటివన్నీ పక్కకి పోతాయి (ఒక షీట్ లో విటమిన్ సి ఆరు మిల్లీగ్రాములే, సగం ఉసిరికాయ ముందు కూడా ఆనదు). కానీ ఒంటికి మైక్రోగ్రాముల్లో మాత్రమే కావాల్సినవి కొన్నుంటాయి, వాటికి మూడు గ్రాములు కూడా ఎక్కువే. ఒకటి బి12. నోరిలో వంద గ్రాములకి 58 మైక్రోగ్రాముల దాకా రాస్తారు, అంటే షీట్ కి ఒకటిన్నర పైన, మనిషికి రోజుకి కావాల్సిందే రెండు, రెండున్నర. శాకాహారులకి ఇది నిజంగా పెద్ద విషయం. ఎందుకంటే బి12 ని మొక్కలు తయారు చేయవు, బ్యాక్టీరియా చేస్తాయి. అయితే నాచు అని పేరున్న ప్రతిదాంట్లో ఉన్నది పనికొచ్చే బి12 కాదు. పొడిగా, మాత్రలుగా అమ్మే స్పిరులినా అనే నాచులో ఎక్కువ భాగం చూడ్డానికి బి12 లా ఉండి మన ఒంటికి పనిచేయని రకం. నోరిలో చాలావరకు అసలుదే ఉంది అంటున్నారు గానీ అది ఒంట్లో ఎంత నిలుస్తుందనే దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది, కాబట్టి నాకు డాక్టర్ గారు రాసిన బి12 మాత్రలు నేనైతే ఆపలేదు, మీరూ ఆపకండి.

రెండోది అయోడిన్, నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. అసలు ఈ మూలకం లోకానికి తెలిసిందే నాచు వల్ల. 1811లో ఫ్రాన్స్ లో బెర్నార్డ్ కూర్తువా అనే ఆయన, తుపాకి మందుకి కావాల్సిన లవణాల కోసం నాచు కాల్చిన బూడిదతో పని చేస్తూ దాంట్లో సల్ఫ్యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ పోసేసరికి ఊదా రంగు ఆవిరి లేచి, చల్లగా ఉన్నచోట మెరిసే పలుకుల్లా పేరుకుంది, అదే అయోడిన్.

పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములు. మన అయోడైజ్డ్ ఉప్పులో గ్రాముకి కనీసం 15 ఉండాలని రూల్. నోరిలో గ్రాముకి 20 చొప్పున షీట్ కి అరవై దాకా వస్తుంది, దాంతో భయం లేదు. వకామె అని సూప్ లో వేసే ఆకుపచ్చ నాచులో గ్రాముకి ఇంచుమించు 100. ఇంక కొంబు, జపాన్ వాళ్ళు రసంలా మరిగించి వంటలకి పునాదిగా వాడే మందపాటి పట్టీ, దాంట్లో గ్రాముకి 2000. మళ్ళీ చదవండి, గ్రాముకి రెండు వేలు. అయిదు గ్రాముల ముక్కలో పదివేలు, అంటే రెండు నెలల అయోడిన్ ఒక్క గిన్నెలో. అమెరికాలో రోజుకి 1100 దాటొద్దంటారు, అలవాటున్న జపాన్ లోనే పరిమితి 3000. పోనీ ఉడికించి ముక్క తీసి పారేస్తే పోతుందా అంటే, అయోడిన్ చాలావరకు నీళ్ళలోకి దిగుతుంది, తాగేది ఆ నీళ్ళే కదా.

అయోడిన్ తక్కువైతే గాయిటర్ వస్తుందని స్కూల్లోనే చదువుకున్నాం, ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుందని మాత్రం చాలామందికి తెలీదు, ఒక్కోసారి మందగిస్తుంది, ఒక్కోసారి అతిగా పనిచేస్తుంది. 2009లో ఆస్ట్రేలియాలో కొంబు కలిపిన ఒక రకం సోయా పాలు తాగినవాళ్ళకి థైరాయిడ్ సమస్యలు వచ్చి ఆ పాలని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు నాచు తింటున్నామని కూడా అనుకుని ఉండరు పాపం, పాలే తాగారు.

ఐరన్ సంగతి ఇంకో కథ. హిజికి అనే నల్ల నాచులో వంద గ్రాములకి 55 మిల్లీగ్రాముల ఐరన్ అని జపాన్ లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు, రక్తం తక్కువున్న ఆడవాళ్ళు తినాలనేవారు. 2015లో పట్టిక సవరించినప్పుడు చూస్తే స్టీల్ పాత్రలో ఉడికించి ఎండబెట్టినదాంట్లో 6 మిల్లీగ్రాములే, ఇనప పాత్రలో ఉడికించినదాంట్లో 58! ఐరన్ నాచుది కాదు, పాత్రది. మన అమ్మమ్మలు ఇనప మూకుట్లో కూర చేసుకుని పొందినదీ అదే ఐరన్. పైగా హిజికిలో విషపూరితమైన రకం ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ లో 2004లోనే తినొద్దని చెప్పారు.

ఇంక మిగిలింది పీచు, నోరిలో మూడో వంతు పైన అదే. 2010లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కనిపెట్టిందేంటంటే నోరి పీచుని విడగొట్టే జీన్ ఒకటి సముద్రపు బ్యాక్టీరియా నుంచి జపాన్ వాళ్ళ పేగుల్లోని బ్యాక్టీరియాకి చేరిందట, తరతరాలుగా తిన్నందుకు. మనం తిన్న నాచు చాలావరకు జెల్లీ రూపంలోనే, చిన్నప్పుడు పుడ్డింగుల్లో వేసిన చైనా గ్రాస్ నాచు నుంచి తీసిందే, దాంట్లో పీచు తప్ప చెప్పుకోదగ్గ పోషకం ఏమీ లేదు.

నోరి షీట్ ని స్టవ్ మంట మీద రెండు సెకన్లు అటూ ఇటూ తిప్పితే ఎర్ర రంగు పదార్థం వేడికి విరిగిపోయి, నలుపు కాస్తా ఆకుపచ్చకి తిరిగి కరకరలాడుతుంది. దాన్ని పెరుగన్నం మీద నలుపుకుని నేనూ మా అమ్మాయీ వారానికి రెండుమూడు సార్లు తింటున్నాం, రుచి కోసమే. చెల్లెలి కూతురు ఆన్‌లైన్ లో కొంబు కూడా ఆర్డర్ పెట్టింది, మా ఆయన పరగడుపునే థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషి, అందుకని ఆ ప్యాకెట్ విప్పకుండానే రిటర్న్ పెట్టించాను.