పక్షవాతానికి అయస్కాంత చికిత్స: ఆశ ఎక్కడ పుట్టింది, ఎక్కడ తడబడింది

పక్షవాతం వచ్చి నెలలు గడిచినా వేళ్లు విచ్చుకోకపోతే, ఇంట్లోవాళ్లు ఏ కొత్త చికిత్స పేరు విన్నా ఆశపడతారు. తలమీద అయస్కాంత తీగచుట్ట పెట్టి చేసే ఆర్‌టీఎంఎస్ అలాంటిదే. ఆ ఆశ వెనక నిజం ఉంది, తొందరపాటూ ఉంది.

1980లో బ్రిటన్‌లో మెర్టన్, మోర్టన్ అనే పరిశోధకులు పుర్రె తెరవకుండానే కరెంటుతో మెదడును ప్రేరేపించి చేతి కండరాలు కదిలేలా చేశారు. కానీ నెత్తి చర్మానికి షాక్ తగిలి బాగా నొప్పి పుట్టేది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం నొప్పి లేని దారి చూపింది. తీగచుట్టలో క్షణంపాటు కరెంటు పారిస్తే పుట్టే అయస్కాంత క్షేత్రం ఎముకను దాటి, మెదడులో చిన్నపాటి కరెంటును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ‘టక్’మని శబ్దం వస్తుంది, అవతలి వైపు చేతి బొటనవేలు దానంతటదే ఎగిరిపడుతుంది. ఎంత మోతాదు ఇవ్వాలో ఇప్పటికీ ఆ కదలికను చూసే తేలుస్తారు.

మొదట్లో ఇది నరాల పరీక్షగానే ఉండేది. ఈ అయస్కాంత తాకిడిని సెకనుకు ఒకటి చొప్పున నిదానంగా ఇస్తే మెదడులో ఆ భాగం జోరు తగ్గుతుందని, వేగంగా ఇస్తే పెరుగుతుందని 1990లలో గమనించాక చికిత్స ఆలోచన బలపడింది. మెదడులో ఒక సగం దెబ్బతింటే రెండో సగం దాన్ని మరింత అణిచేస్తుందని ఒక సిద్ధాంతం. అయితే బాగున్న సగాన్ని కాస్త శాంతపరిస్తే పడిపోయిన చెయ్యి కోలుకోవాలి కదా? 2005 ప్రాంతంలో కొద్దిమందిపై చేసిన అధ్యయనాలు అవుననే చెప్పాయి.

అసలు పరీక్ష అమెరికాలో జరిగింది. 12 కేంద్రాలు, 199 మంది రోగులు, అందరికీ చేతి వ్యాయామాలు. కొందరికి మాత్రం ఉత్తుత్తి అయస్కాంతం. 2018లో ఫలితాలొచ్చాయి: అసలు చికిత్స పొందినవారిలో 67 శాతం, ఉత్తుత్తిది పొందినవారిలో 65 శాతం మెరుగుపడ్డారు. నా దృష్టిలో ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ రెండో అంకె. అంతమంది చేతుల్లో కదలిక పెరిగింది అయస్కాంతం లేకుండానే. దాన్ని చూశాక, ఫిజియోథెరపీ మానేసి మెషీన్ కోసం డబ్బు కట్టమని ఎవరికీ చెప్పలేం.

అంతటితో కథ ముగియలేదు. ఆ పరీక్షలోనివారికి పక్షవాతం వచ్చి అప్పటికే 3 నుంచి 12 నెలలైంది. తొలి నెలల్లో ఇస్తే చేతికి మేలు ఉంటుందని 2020లో యూరప్ నిపుణుల బృందం గట్టిగానే చెప్పింది. అణిచివేత సిద్ధాంతం మాత్రం అందరికీ వర్తించదని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అంటున్నారు. దెబ్బ పెద్దదైతే, బాగున్న సగమే పడిపోయిన చేతికి ఆసరా అవుతూ ఉండొచ్చు. అలాంటివారిలో దాన్ని శాంతపరచడం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నదే ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న.