పావు లీటరు రక్తానికి ఒక పంపు

మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే 250 మిల్లీలీటర్లు. గుండె ఆపరేషన్ తర్వాత ఆ బిడ్డకు పెట్టే ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే) యంత్రం గొట్టాలు, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ నిండడానికే దాదాపు అంత పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పెద్దవాళ్లకైతే గొట్టాల్లో సెలైన్ లాంటి ద్రవం నింపి తగిలించేస్తారు. పసిబిడ్డకు అలా చేస్తే రక్తం సగానికి సగం పల్చబడుతుంది. అందుకే ముందే దాతల ఎర్రకణాలు, ప్లాస్మా కలిపి నింపుతారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. నిల్వ ఉన్నకొద్దీ రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గడ్డకట్టకుండా కలిపిన సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. పసిగుండె కండరం కొట్టుకోవడానికి రక్తంలోని కాల్షియం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ రక్తాన్ని ఉన్నపళంగా ఎక్కిస్తే, కాస్తో కూస్తో కొట్టుకుంటున్న గుండె కూడా ఆగిపోవచ్చు. కాబట్టి వీలైనంత తాజా రక్తం తెచ్చి, కాల్షియం, బైకార్బొనేట్, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపి, పొటాషియం ఎంతుందో చూశాకే గొట్టాలను బిగించిన క్లాంపులు తీయాలి.

ఆపరేషన్ అయ్యాక 6 నుంచి 12 గంటల మధ్య గుండె పంపింగ్ బాగా తగ్గుతుంది. చాలామంది పిల్లలు మిల్రినోన్, అడ్రినలిన్ సాయంతో ఆ గండం దాటేస్తారు. మందులు పెంచుతున్నా లాక్టేట్ (ఒంటికి చాలినంత రక్తం అందనప్పుడు పెరిగే ఆమ్లం) ఎక్కుతూ, మూత్రం తగ్గుతూ ఉంటే మాత్రం ఎక్మోకు తాత్సారం పనికిరాదు. గుండె ఆగాక ఛాతీ నొక్కుతూ ఎక్మో పెట్టినా బిడ్డ బతకవచ్చు, కానీ ఆ నిమిషాలకు మూల్యం చెల్లించేది మెదడు.

ఛాతీ కోత పచ్చిగానే ఉంటుంది కాబట్టి అదే దారిన ఒక క్యాన్యులా (రక్తనాళంలోకి దూర్చే గొట్టం) కుడి కర్ణికలోకి, మరొకటి బృహద్ధమనిలోకి వెళ్తాయి. ధమని క్యాన్యులా సైజు 8 ఫ్రెంచ్, అంటే 3 మిల్లీమీటర్ల లోపే. నిమిషానికి కిలోకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల ప్రవాహం కావాలి. ఒకే జఠరికతో, షంటు (ఊపిరితిత్తులకు రక్తం మళ్లించేందుకు అమర్చిన చిన్న గొట్టం) మీద బతికే బిడ్డకైతే 200 దాకా పెంచాల్సి వస్తుంది, ఎందుకంటే పంపిన దాంట్లో కొంత షంటు గుండా ఊపిరితిత్తుల్లోకి మళ్లిపోతుంది.

సిర వైపు గొట్టం ఉన్నట్టుండి వణకడం మొదలుపెడితే, లాగడానికి చాలినంత రక్తం అందడం లేదన్నమాట. ప్రవాహం పడిపోయిందని పంపు వేగం పెంచడం అందరికీ తోచే పనే, తప్పు కూడా అదే. లాగుడు ఎక్కువై కర్ణిక గోడ క్యాన్యులా రంధ్రాలకు అతుక్కుంటుంది, ఎర్రకణాలు చితుకుతాయి, మూత్రం ఎర్రబడుతుంది. వేగం కాస్త తగ్గించి కారణం వెతకాలి: రక్తస్రావమా, క్యాన్యులా జరిగిందా, గొట్టం మెలిక పడిందా? ఛాతీలోంచి రక్తం బయటికి తీసే డ్రెయిన్‌లోకి రక్తం రావడం హఠాత్తుగా ఆగిపోతే సంతోషించకండి. గడ్డలు అడ్డుపడి, రక్తం లోపలే చేరి గుండెను నొక్కుతూ ఉండవచ్చు.

హెపారిన్‌తో రోజంతా పేచీయే. తక్కువైతే ఆక్సిజనేటర్‌లో గడ్డలు కడతాయి. టార్చి వేసి చూస్తే నల్లని మచ్చలుగా కనిపిస్తాయి. ఎక్కువైతే కుట్ల దగ్గరా, మెదడులోనూ రక్తస్రావం. ఏసీటీని (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని) సాధారణంగా 180 నుంచి 220 సెకన్ల మధ్య ఉంచుతారు. కుట్లు కారుతుంటే తొలి గంటల్లో హెపారిన్ ఆపేసినా ఆపేస్తారు. మాడు ఇంకా మూసుకోదు కాబట్టి, మెదడును దాని మీదుగా అల్ట్రాసౌండ్‌తో రోజూ చూడొచ్చు.

మానిటర్‌లో ధమని రక్తపోటు గీత పూర్తిగా చదునైతే ఎడమ జఠరిక రక్తాన్ని బయటికి నెట్టలేకపోతోందని అర్థం. అది ఉబ్బిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎడమ కర్ణికలో అదనంగా ఒక గొట్టం పెట్టి ఆ ఒత్తిడి దించాలి.

ఎక్మో గుండెను బాగుచేయదు, గడువు ఇస్తుంది. రెండు మూడు రోజులకూ గుండె తేరుకోకపోతే ముందు అనుమానించాల్సింది ఆపరేషన్‌నే: మిగిలిపోయిన రంధ్రం, సన్నబడిన రక్తనాళం, మెలిపడిన కరోనరీ (గుండెకే రక్తం అందించే ధమని). ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) తేలకపోతే యంత్రం మీదే, రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చూసే క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లాలి. దిద్దగలిగింది దిద్దకుండా రోజులు గడిపితే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముంచుకొస్తాయి. గుండె జబ్బుతో ఎక్మో మీదికి వెళ్లిన నవజాత శిశువుల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేది సగం కన్నా తక్కువ మందే.

గుండె ఇక కోలుకోదని తేలితే గుండె మార్పిడి దాకా నిలబెట్టడానికి బెర్లిన్ హార్ట్ అనే, ఒంటి బయట ఉండి గుండెకు బదులు రక్తాన్ని పంపు చేసే సాధనం ఉంది. అమెరికాలో దానికి 2011 డిసెంబరులో అనుమతి వచ్చింది. దాని అతి చిన్న పంపు 10 మిల్లీలీటర్లది. ఎక్మోను లెక్కపెట్టేది రోజుల్లో. దీని మీద నెలలు కూడా నెట్టుకురావచ్చు. కాకపోతే ఒకే జఠరిక ఉన్న పసిబిడ్డల్లో దాని ఫలితాలు ఇప్పటికీ అంతంతమాత్రమే.